పిలిచి పీట వేసిన సైన్యం: వలస పాలన తర్వాత అధికారం సేనాపతుల చేతికి చేరిన తీరు

సైనిక తిరుగుబాటు అనగానే అర్ధరాత్రి రాజధాని వీధుల్లోకి దిగిన ట్యాంకులు, సైనికులు చుట్టుముట్టిన రేడియో కేంద్రం, తెల్లవారేసరికి జాతినుద్దేశించి ప్రకటన చదివే సేనాపతి గుర్తుకొస్తారు. వలస పాలన నుంచి బయటపడిన దేశాల చరిత్రలో అలాంటి రాత్రులు చాలానే ఉన్నాయి. అయితే సైన్యం రాజకీయాల మీద పెత్తనం సంపాదించేది ఆ ఒక్క రాత్రిలో కాదు. అంతకు ముందు కొన్నేళ్ళ పాటు అల్లర్లను అణచడానికి, ప్రత్యర్థిని గద్దె దించడానికి, ఎన్నికల గండం తప్పించుకోవడానికి, బలం చాలని మంత్రివర్గాన్ని నిలబెట్టుకోవడానికి పౌర నాయకులే సైన్యాన్ని మళ్ళీ మళ్ళీ పిలిచి ఉంటారు. న్యాయస్థానం ఆ పిలుపును సమర్థించి ఉంటుంది. ఉన్నతోద్యోగులు అందుకు కావలసిన ఉత్తర్వులు తయారుచేసి పెట్టి ఉంటారు. సేనాపతుల అధికారదాహం నిజమే కానీ, ఆ దాహం ఏ దేశంలోనైనా కొందరికి ఉంటుంది. కొన్ని దేశాల్లోనే అది నెగ్గడానికి కారణాన్ని సైన్యం లోపల కంటే, సైన్యానికి ఎదురుగా నిలవవలసిన పార్టీలు, చట్టసభలు, కోర్టుల స్థితిలో వెతకడం మేలు.

ముందుగా వలస సైన్యం స్వభావం చూడాలి. వలస ప్రభుత్వాలు సైన్యాన్ని బయటి శత్రువు కోసం ఎంతగా పోషించాయో, లోపలి ప్రజలను అదుపులో ఉంచడానికి అంతగానూ పోషించాయి. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తమ మీద తిరగబడిన అవధ్, బీహార్ ప్రాంతాల నుంచి భర్తీ తగ్గించి, పంజాబ్, నేపాల్, వాయవ్య సరిహద్దు ప్రాంతాల వైపు మొగ్గింది. కొన్ని కులాలు, తెగలే యుద్ధానికి పుట్టాయన్న ‘యుద్ధజాతుల’ సిద్ధాంతం దానికి శాస్త్రీయమైన ముసుగు తొడిగింది. ఒకప్పుడు మద్రాసు సైన్యంలో పెద్ద సంఖ్యలో పనిచేసిన తెలుగువారు సైతం పంతొమ్మిదో శతాబ్దం చివరికి ఈ లెక్క ప్రకారం పోరాటానికి పనికిరానివారుగా తేలిపోయారు! పంజాబ్‌లో కాలువల కింద కొత్తగా సాగులోకి వచ్చిన భూములను పదవీ విరమణ చేసిన సైనికులకు ఇనాముగా పంచారు. ఆ విధంగా సైన్యం, భూమి, జిల్లా పాలన ఒకే అల్లికలో కలిసిపోయాయి. బర్మాలో మెజారిటీ బర్మన్లను చాలాకాలం పక్కనబెట్టి కరెన్, కచిన్, చిన్ తెగలవారిని చేర్చుకున్నారు. ఉగాండాలోనూ, ఫ్రెంచి పాలనలోని టోగోలోనూ సిపాయిలు ఎక్కువగా ఉత్తరాది పేద ప్రాంతాల నుంచే వచ్చారు. చదువు, వ్యాపారం, జాతీయోద్యమం మాత్రం దక్షిణాన పెరిగాయి. ఇలా స్వాతంత్ర్యం వచ్చేనాటికి తుపాకీ ఒక ప్రాంతపు చేతిలోనూ, ఓటు మరొక ప్రాంతపు చేతిలోనూ ఉండే ఏర్పాటు చాలా దేశాలకు వారసత్వంగా దక్కింది.

రెండో లక్షణం అధికారుల హోదా. కింద జవాన్లు స్థానికులు, పైన అధికారులు విదేశీయులు. బెల్జియన్ కాంగోలో ఇది పరాకాష్టకు చేరింది. అక్కడ ‘ఫోర్స్ పబ్లిక్’ అనే సైన్యంలో 1960 జూన్ 30న, అంటే స్వాతంత్ర్యం వచ్చిన రోజున, కమిషన్డ్ అధికారి స్థాయిలో ఒక్క కాంగో దేశీయుడూ లేడు. కొత్త జెండా ఎగిరి వారం తిరగకముందే, జులై 5న, సేనాధిపతి జనరల్ జాన్సెన్స్ లియోపోల్డ్‌విల్‌లో సైనికులను సమావేశపరచి, నల్లబల్ల మీద ‘స్వాతంత్ర్యానికి ముందు = స్వాతంత్ర్యం తర్వాత’ అని రాశారు. క్రమశిక్షణలో ఏ మార్పూ ఉండబోదని చెప్పడం ఆయన ఉద్దేశం. ఆ మాటతో సిపాయిలు తిరగబడ్డారు. తిరుగుబాటును చల్లార్చడానికి ప్రధానమంత్రి లుముంబా హడావుడిగా ఆఫ్రికన్లకు పదోన్నతులిచ్చి, ఒకప్పుడు ఆ సైన్యంలోనే చిన్న హోదాలో పనిచేసి తర్వాత పాత్రికేయుడైన జోసెఫ్ మొబుటును ప్రధాన సైనికాధికారిగా నియమించారు. ఆ మొబుటే సెప్టెంబరులో ప్రభుత్వాన్ని పక్కకు నెట్టారు; 1965 నవంబరులో మళ్ళీ అధికారం చేజిక్కించుకుని 1997 వరకూ వదల్లేదు.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి వలస సైన్యాన్ని వారసత్వంగా పొందిన ప్రతి దేశంలోనూ సైనిక పాలన రావాలి. అలా రాలేదు. ఈ ప్రశ్నను పరీక్షించడానికి చరిత్ర మనకొక అరుదైన అవకాశం ఇచ్చింది: 1947లో ఒకే సైన్యం రెండుగా చీలి రెండు దేశాలకు వెళ్ళింది. అవే రెజిమెంట్లు, అదే శిక్షణ, అవే మెస్ మర్యాదలు, శాండ్‌హర్స్ట్‌లోనో డెహ్రాడూన్‌లోనో కలిసి చదువుకున్న అవే అధికారులు. వాటిలో ఒక భాగం పన్నెండేళ్ళు తిరగకుండానే దేశాన్ని ఏలింది, రెండో భాగం ఇంతవరకు ఏలలేదు. కాబట్టి సైన్యం ఎలాంటిదన్న ప్రశ్నతోనే ఆగిపోతే జవాబు దొరకదు.

పాకిస్తాన్ ఖాతా మొదటి రోజు నుంచే తలకిందులుగా మొదలైంది. అవిభక్త భారతదేశపు ఆస్తి అప్పుల్లో ఆ దేశానికి దక్కిన వాటా 17.5 శాతం, సైన్యంలో దక్కింది దాదాపు మూడోవంతు. ఆయుధ కర్మాగారాలన్నీ భారత్ వైపే ఉండిపోయాయి. కొద్ది నెలల్లోనే కశ్మీర్ యుద్ధం వచ్చింది. లక్షల మంది కాందిశీకులకు నీడ కల్పించవలసిన ప్రభుత్వం తన ఆదాయంలో సగానికి పైగా రక్షణకు ఖర్చుపెట్టింది. భారత్ నుంచి ప్రాణభయం ఉందన్న భావన కేవలం సేనాపతులు పుట్టించినది కాదు. రాజకీయ నాయకులూ, పత్రికలూ, కాందిశీకులూ దాన్ని నిజాయితీగానే నమ్మారు. భద్రత అన్నిటికంటే ముందన్న సూత్రం ఆ విధంగా చర్చకు అతీతమైంది. ఒక దేశంలో ఏ ఖర్చునైతే ఎవరూ ప్రశ్నించకూడదో, ఆ ఖర్చు పెట్టే సంస్థనూ ఎవరూ ప్రశ్నించలేని రోజు త్వరలోనే వస్తుంది.

మరోవైపు ఆ సైన్యాన్ని అదుపులో పెట్టవలసిన పార్టీకి నేల మీద వేళ్ళు లేవు. ముస్లిం లీగ్ నాయకత్వంలో చాలామంది భారతదేశంలో ఉండిపోయిన సంయుక్త పరగణాలు, బొంబాయి ప్రాంతాల వారు. పాకిస్తాన్‌కు గుండెకాయ లాంటి పంజాబ్‌లో చాలాకాలం ఆధిపత్యం చెలాయించింది భూస్వాముల యూనియనిస్టు పార్టీ. ఆ భూస్వాములు చివరి ఘడియల్లో లీగులోకి దూకారు. జిన్నా 1948 సెప్టెంబరులో మరణించారు. ప్రధాని లియాఖత్ అలీ ఖాన్ 1951 అక్టోబరులో రావల్పిండి సభలో హత్యకు గురయ్యారు. రాజ్యాంగం తయారవడానికి దాదాపు తొమ్మిదేళ్ళు పట్టింది. అదే సమయంలో భారత్ 1950 జనవరికల్లా రాజ్యాంగాన్ని అమల్లోకి తెచ్చి, 1951-52లో వయోజన ఓటు హక్కుతో సార్వత్రిక ఎన్నికలు ముగించింది. పాకిస్తాన్‌లో అలాంటి ఎన్నికలు జరిగింది 1970 డిసెంబరులో.

లియాఖత్ హత్యకూ 1958 తిరుగుబాటుకూ మధ్య ఏడేళ్ళలో ఆరుగురు ప్రధానులు మారారు. సైన్యానికి మాత్రం 1951 జనవరిలో తొలి పాకిస్తానీ కమాండర్-ఇన్-చీఫ్‌గా బాధ్యతలు చేపట్టిన అయూబ్ ఖాన్ ఒక్కరే అధిపతిగా కొనసాగారు, అదీ పదవీకాలం పొడిగింపులతో. ప్రధానులు మారుతూ, సేనాధిపతి మారకుండా ఉన్నచోట విదేశీ దూతలు ఎవరితో మాట్లాడటానికి ఇష్టపడతారో ఊహించడం కష్టం కాదు. 1953లో అమెరికా వెళ్ళి ఆయుధ సహాయం గురించి చర్చల్లో ముందుండి నడిచింది అయూబ్. 1954 మేలో రెండు దేశాల రక్షణ సహాయ ఒప్పందం కుదిరింది. ఆ వెంటనే సీటో, మరుసటి ఏడాది బాగ్దాద్ ఒడంబడిక: రెండూ కమ్యూనిస్టు వ్యతిరేక సైనిక కూటములే. దాంతో సైన్యానికి చట్టసభ ఇచ్చే నిధులతో పాటు చట్టసభ చేతిలో లేని మరో ఆధారం కూడా దొరికింది. అమెరికాయే పాకిస్తాన్‌లో సైనిక పాలన తెచ్చిందనే వాదన తరచుగా వినిపిస్తుంది. అది విషయాన్ని మరీ తేలిక చేస్తుంది. అప్పటికే ఒకవైపు వంగి ఉన్న త్రాసులో ఆ డబ్బు, ఆయుధాలు మరింత బరువు వేశాయనడం సబబు.

ఈ కాలమంతటిలో దగ్గరగా చూడదగిన ఘట్టం 1953 నాటి లాహోర్. తమను ముస్లింలుగానే భావించుకునే అహ్మదీయులను ముస్లిమేతరులుగా ప్రకటించాలనీ, ఆ వర్గానికి చెందిన విదేశాంగ మంత్రి జఫ్రుల్లా ఖాన్‌ను తొలగించాలనీ మత సంస్థలు పంజాబ్‌లో ఆందోళన లేవదీశాయి. పంజాబ్ ముఖ్యమంత్రి దౌల్తానా ఆ ఆందోళనను సకాలంలో ఆపకపోగా, దాని వేడి కరాచీలోని కేంద్ర ప్రభుత్వానికి తగిలేలా చూశారు. పోలీసుల చేతుల్లోంచి పరిస్థితి జారిపోయాక, మార్చి 6న లాహోర్‌లో మార్షల్ లా విధించారు. మేజర్ జనరల్ ఆజం ఖాన్ ఆధ్వర్యంలో సైన్యం కొద్ది గంటల్లోనే అల్లర్లను అణచివేసింది. కానీ వెంటనే బ్యారకులకు వెళ్ళలేదు. సుమారు రెండు నెలలకు పైగా నగర పాలనను తన చేతిలో ఉంచుకుని, సైనిక న్యాయస్థానాలు నడిపింది, వీధులు శుభ్రం చేయించింది. రాజకీయ నాయకులు వారాల తరబడి చేయలేని పనిని యూనిఫాంలోని వారు ఒక్క పూటలో చేశారన్న భావన లాహోర్ మధ్యతరగతిలో బలంగా నాటుకుంది. అధికారుల మెస్సుల్లో ఇంకా బలంగా నాటుకుంది. అణచివేత, శుభ్రత రెండూ సైన్యానికి సులువైన పనులు, ఎందుకంటే వాటిలో ఎవరితోనూ రాజీ కుదుర్చుకోనక్కరలేదు. అహ్మదీయుల ప్రశ్నను మాత్రం ఆ రెండు నెలలూ అంగుళం కూడా కదపలేదు.

ఆ మార్షల్ లా ఇంకా అమల్లో ఉండగానే, ఏప్రిల్ 17న, గవర్నర్ జనరల్ గులాం మహమ్మద్ ప్రధాని ఖ్వాజా నజీముద్దీన్‌ను బర్తరఫ్ చేశారు. చట్టసభగానూ పనిచేస్తున్న రాజ్యాంగ సభలో ప్రధానికి మెజారిటీ ఉంది. కొద్ది రోజుల ముందే బడ్జెట్ ఆమోదం పొందింది. అయినా ఎవరూ ఎదురు తిరగలేదు. గులాం మహమ్మద్ సైనికుడు కాదు, ఆర్థిక శాఖలో ఎదిగిన ఉద్యోగి. ఆయన బలం సైన్యం మౌనంగా తన వెనుక ఉందన్న సంగతి అందరికీ తెలియడమే. 1954 అక్టోబరులో తన అధికారాలకు కత్తెర వేయబోయిన రాజ్యాంగ సభనే ఆయన రద్దు చేసి, కొత్త మంత్రివర్గంలో అయూబ్ ఖాన్‌ను రక్షణ మంత్రిగా చేర్చుకున్నారు. సేనాధిపతి పదవిలో ఉంటూనే ఆయన మంత్రి కూడా అయ్యారు. అంటే తన మీద తానే అజమాయిషీ చేసుకోవాలన్నమాట!

రద్దును సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ కోర్టులో సవాలు చేశారు. సింధ్ చీఫ్ కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. జస్టిస్ మునీర్ నేతృత్వంలోని ఫెడరల్ కోర్టు 1955లో దాన్ని సాంకేతిక కారణంతో కొట్టివేసి, కొద్ది నెలలకే మరో కేసులో ‘అవసర సిద్ధాంతాన్ని’ ముందుకు తెచ్చింది. మామూలుగా చట్టవిరుద్ధమైన పని కూడా రాజ్యాన్ని కాపాడుకోవడానికి అవసరమైతే చెల్లుతుందని దాని సారం. మొదట ఒక సివిలియన్ గవర్నర్ జనరల్‌ను కాపాడటానికి పుట్టిన ఈ వాదన ఆ తర్వాత సేనాపతులందరికీ కొంగుబంగారమైంది. 1977లో జియా ఉల్ హక్ తిరుగుబాటునూ, 2000లో ముషారఫ్ పాలననూ సుప్రీంకోర్టు అదే దారిలో ఆమోదించింది. ముషారఫ్‌కైతే ఎన్నికలు జరపడానికి మూడేళ్ళ గడువు కూడా ఇచ్చింది.

వీటన్నిటి వెనుక ఒక అంకగణితం ఉంది. పాకిస్తాన్ జనాభాలో సగానికి పైగా తూర్పు బెంగాల్‌లో (నేటి బంగ్లాదేశ్) ఉండేవారు. సైన్యాధికారుల్లో బెంగాలీల సంఖ్య నామమాత్రం. ఉన్నతోద్యోగాల్లోనూ పెద్ద తేడా లేదు. 1954 మార్చిలో తూర్పు బెంగాల్‌లో జరిగిన ఎన్నికల్లో 237 ముస్లిం స్థానాలకు గాను పాలక ముస్లిం లీగ్‌కు వచ్చినవి పదికి మించలేదు. గెలిచిన యునైటెడ్ ఫ్రంట్ మంత్రివర్గాన్ని కేంద్రం రెండు నెలల్లోనే రద్దుచేసింది. జాతీయ స్థాయిలో న్యాయమైన ఎన్నికలు జరిగితే అధికారం తూర్పుకు జరుగుతుందన్న భయం పశ్చిమ పాకిస్తాన్‌లోని భూస్వాములనూ, ఉద్యోగులనూ, అధికారులనూ ఒక్కతాటి మీదికి తెచ్చింది. 1956 రాజ్యాంగం ప్రకారం తొలి సార్వత్రిక ఎన్నికలు 1959 ఆరంభంలో జరగవలసి ఉంది. అవి ముంచుకొస్తుండగా, 1958 అక్టోబరు 7న అధ్యక్షుడు ఇస్కందర్ మీర్జా రాజ్యాంగాన్ని రద్దు చేసి, మార్షల్ లా విధించి, అయూబ్‌ను దాని ప్రధాన పాలకుడిగా నియమించారు. సైన్యం తన పనిముట్టుగా ఉంటుందని మీర్జా లెక్క. ఆ లెక్క ఇరవై రోజులు నిలిచింది. అక్టోబరు 27న కొత్త పాలనను చెల్లుబాటయ్యేదిగా గుర్తిస్తూ సుప్రీంకోర్టు దోసో కేసులో తీర్పు వెలువరించింది. అదే రాత్రి కొందరు జనరళ్ళు మీర్జా చేత రాజీనామా మీద సంతకం పెట్టించారు. ఆయన శేషజీవితం లండన్‌లో గడిచింది.

ఇక భారత్ వైపు. ఇక్కడి ప్రజల రక్తంలోనే ప్రజాస్వామ్యం ఉందన్న వివరణ వినడానికి బాగుంటుంది కానీ, ఒకే పల్లె నుంచి వచ్చి ఒకే రెజిమెంటులో పనిచేసిన సైనికులు సరిహద్దుకు ఇవతల ఒకలా, అవతల ఒకలా ఉండటాన్ని రక్తంతో వివరించలేం. తేడా తెచ్చినవి రెండు. మొదటిది, మూలమూలలా శాఖలున్న కాంగ్రెస్ పార్టీ. వేర్వేరు ప్రాంతాల తగాదాలను అది తన లోపలే సర్దుబాటు చేసుకోగలిగింది. రెండోది, పనిగట్టుకుని తీసుకున్న చిన్న చిన్న జాగ్రత్తలు. వలస కాలంలో వైస్రాయ్ తర్వాత అంతటి దర్జా ఉన్న కమాండర్-ఇన్-చీఫ్ నివాసం ఫ్లాగ్‌స్టాఫ్ హౌస్‌ను ప్రధానమంత్రి నివాసంగా మార్చారు. అదే తీన్ మూర్తి భవన్. 1955లో కమాండర్-ఇన్-చీఫ్ పదవే తీసివేసి, సైనిక, నౌకా, వైమానిక దళాలకు సమాన హోదా గల ముగ్గురు అధిపతులను ఉంచారు. వారి ముగ్గురి మీద ఒక ఉమ్మడి అధిపతిని పెట్టడానికి ఆ తర్వాత ఆరు దశాబ్దాలకు పైగా ఏ ప్రభుత్వమూ ఒప్పుకోలేదు; ఆ పదవి 2020 జనవరిలో గానీ రాలేదు. తొలి భారతీయ సేనాధిపతి కరియప్ప ఆర్థిక విధానాల మీద బహిరంగంగా అభిప్రాయాలు చెబుతుంటే నెహ్రూ వారించారు. పదవీ విరమణ తర్వాత ఆయనను హైకమిషనర్‌గా ఆస్ట్రేలియాకు పంపారు. లోపలి అల్లర్ల కోసం సైన్యం మీద ఆధారపడకుండా కేంద్ర పోలీసు బలగాలను విపరీతంగా పెంచారు. ఈ జాగ్రత్తలకు మూల్యం లేకపోలేదు. రక్షణ నిర్ణయాల్లో సైనిక నిపుణుల మాటకు విలువ తగ్గిందనీ, 1962 చైనా యుద్ధంలో అది అనుభవమైందనీ చేసే విమర్శలో నిజం ఉంది. ఈశాన్య రాష్ట్రాల్లో, కశ్మీర్‌లో సైన్యానికి ప్రత్యేకాధికారాలిచ్చిన చట్టాలు పౌర పాలన సరిహద్దు ఎక్కడ సన్నగిల్లిందో చెబుతాయి.

సైన్యం విసిరిన తొలి సవాలుకు పౌర నాయకులు ఎలా స్పందించారన్నదే తర్వాతి దశాబ్దాలను నిర్ణయిస్తుందనడానికి తూర్పు ఆఫ్రికా గట్టి ఉదాహరణ. 1964 జనవరిలో ఒకే వారంలో టాంగన్యికా (నేటి టాంజానియా ప్రధాన భూభాగం), ఉగాండా, కెన్యా సైన్యాల్లో తిరుగుబాట్లు లేచాయి. మూడూ బ్రిటిష్ వారి ‘కింగ్స్ ఆఫ్రికన్ రైఫిల్స్’ నుంచి పుట్టిన సైన్యాలే. సిపాయిల కోరికలూ దాదాపు ఒకటే: జీతం పెంచాలి, బ్రిటిష్ అధికారుల స్థానంలో ఆఫ్రికన్లు రావాలి. మూడు చోట్లా బ్రిటిష్ దళాలను పిలిచి అదుపు చేశారు, కొత్తగా స్వాతంత్ర్యం పొందిన నాయకులకు అది తలవంపుల పనే అయినా. ఆ తర్వాతే దారులు చీలాయి. టాంగన్యికాలో జూలియస్ న్యెరేరే మొత్తం సైన్యాన్నే రద్దుచేసి, పాలక పార్టీ యువజన విభాగం నుంచి భర్తీ చేసుకుంటూ కొత్త సైన్యాన్ని నిర్మించారు. పార్టీ, సైన్యం ఒకటైపోయిన ఆ ఏర్పాటు ప్రతిపక్షానికి చోటు మిగల్చలేదు. కానీ టాంజానియాలో ఈనాటి వరకూ సైన్యం అధికారం చేజిక్కించుకోలేదు. కెన్యాలో కెన్యాట్టా తిరుగుబాటుదారులను కోర్టు మార్షల్‌కు పంపి, బ్రిటన్‌తో రక్షణ సంబంధం కొనసాగించారు. ఉగాండాలో ఒబోటే ప్రభుత్వం సిపాయిల డిమాండ్లకు తలొగ్గి జీతాలు పెంచింది, ఆఫ్రికన్ అధికారులకు త్వరత్వరగా పదోన్నతులిచ్చింది. అలా ఎదిగినవారిలో ఒకరు ఇదీ అమీన్; స్వాతంత్ర్యానికి ముందు కమిషన్ పొందిన అతి కొద్దిమంది ఉగాండా సైనికుల్లో ఆయన ఉన్నారు. 1966 మేలో తన రాజకీయ ప్రత్యర్థి, బుగాండా రాజు అయిన కబాకా కోట మీద దాడికి ఒబోటే పంపింది ఆ అమీన్‌నే. రాజు పారిపోయారు; రాజ్యాంగాన్ని మార్చి ఒబోటే అధ్యక్షుడైంది అంతకు కొద్ది వారాల ముందే. 1971 జనవరిలో ఒబోటే కామన్వెల్త్ సదస్సుకు సింగపూర్ వెళ్ళినప్పుడు అమీన్ ఆయనను తిరిగి రానివ్వలేదు.

టోగోలో గొడవ కేవలం ఉద్యోగాల గురించి. దేశానికి పెద్ద సైన్యం అవసరం లేదన్నది అధ్యక్షుడు సిల్వానస్ ఒలింపియో అభిప్రాయం. ఆర్థికంగా చూస్తే అది తెలివైన నిర్ణయమే. ఇండోచైనాలో, అల్జీరియాలో ఫ్రాన్స్ తరఫున పోరాడి తిరిగొచ్చిన సైనికులు తమను చేర్చుకోమని అడిగితే ఆయన నిరాకరించారు. 1963 జనవరి 13న వాళ్ళు లోమేలోని అమెరికా రాయబార కార్యాలయం గేటు దగ్గర ఆయనను కాల్చి చంపారు. అప్పటికి టోగో సైన్యం సంఖ్య కొన్ని వందలు మాత్రమే. సైన్యం పెద్దదైతేనే ప్రమాదమనుకునేవారికి ఇది జవాబు. ఆ బృందంలోని ఎయాడెమా 1967లో అధికారం చేపట్టి 2005లో మరణించేదాకా ఏలారు. ఆ తర్వాత ఆయన కొడుకు.

బర్మా కథలో మరో పార్శ్వం కనబడుతుంది. 1947 జులైలో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు ఆంగ్ సాన్ హత్య, 1948లో కమ్యూనిస్టుల సాయుధ తిరుగుబాటు, 1949 జనవరిలో కరెన్ల తిరుగుబాటు, ఆ వెంటనే చైనా అంతర్యుద్ధంలో ఓడి షాన్ కొండల్లోకి చొరబడిన కువోమింతాంగ్ సేనలు: ప్రధాని యు ను ప్రభుత్వం ఒక దశలో రంగూన్ పరిసరాలను దాటి పాలించలేని స్థితిలో పడింది. కరెన్ జాతీయుడైన సేనాధిపతి స్మిత్ డన్‌ను తప్పించి నె విన్‌ను నియమించారు. నిరంతర యుద్ధంలో దేశమంతటా చేరుకోగలిగిన ఏకైక సంస్థ సైన్యమే అయింది. 1951లో సైనికులకు సరుకులు చవగ్గా అందించే దుకాణంగా మొదలైన డిఫెన్స్ సర్వీసెస్ ఇన్‌స్టిట్యూట్ దశాబ్దం ముగిసేసరికి నౌకా రవాణా, బ్యాంకు, డిపార్ట్‌మెంట్ స్టోర్ల దాకా విస్తరించింది. 1958లో పాలక కూటమి రెండుగా చీలినప్పుడు యు ను స్వయంగా నె విన్‌ను ఆపద్ధర్మ ప్రభుత్వం నడపమని ఆహ్వానించారు. సైన్యం పద్దెనిమిది నెలలు పాలించి, మాట ప్రకారం 1960లో ఎన్నికలు జరిపి, తాను కోరుకోని యు ను గెలిచినా అధికారం అప్పగించింది. అప్పట్లో దాన్ని ఆదర్శంగా పొగిడినవారు చాలామంది. సైన్యం మాత్రం పాలన తనకు చేతనవుతుందన్న పాఠం నేర్చుకుంది. 1962 మార్చి 2న వచ్చినప్పుడు ఆహ్వానం అవసరం లేకపోయింది.

స్వాతంత్ర్య పోరాటంలోనే పుట్టిన సైన్యాల సంగతి కొంచెం వేరు. వాటికి వలస పాలకుల కొలువు అన్న మచ్చ లేదు; పైగా దేశాన్ని కన్నది తామేనన్న వాదన ఉంటుంది. అల్జీరియాలో 1962 వేసవిలో నాయకులు తమలో తాము కొట్లాడుకుంటుండగా, సరిహద్దులకు అవతల చెక్కుచెదరకుండా నిలిచిన బూమెదియెన్ సేన ఆ నాయకుల్లో ఒకరైన బెన్ బెల్లాను గద్దెనెక్కించి, 1965 జూన్‌లో దించేసింది. ఇండోనేషియాలో 1957లో విధించిన మార్షల్ లా, అదే ఏడాది చివర డచ్చి కంపెనీల స్వాధీనం కలిసి సైన్యాధికారులను తోటలకు, గనులకు, ప్రాంతీయ పాలనకు యజమానులను చేశాయి. దేశ రక్షణతో పాటు దేశ పాలన కూడా సైన్యం బాధ్యతేనన్న ద్వంద్వ పాత్ర సిద్ధాంతం దాన్ని శాశ్వతం చేసింది. మార్షల్ లా కోరుకున్నదీ, పార్లమెంటరీ ప్రజాస్వామ్యానికి స్వస్తి చెప్పదలచినదీ అధ్యక్షుడు సుకర్ణోయే. 1966లో సేనాపతి సుహార్తో ఆయన చేతిలోంచి అధికారం లాగేసుకున్నది ఆ పునాది మీద నిలబడే.

ఒకసారి పాలించిన సైన్యం బ్యారకులకు వెళ్ళిపోయినా, పాలించిన కాలంలో సంపాదించినవి తిరిగి ఇవ్వదు. ఇక్కడే చాలా విశ్లేషణలు ముందుగానే ఆగిపోతాయి, ఎన్నికలు జరగగానే కథ ముగిసిందనుకుని. పాకిస్తాన్‌లో మాజీ సైనికుల సంక్షేమం పేరుతో 1954లో మొదలైన ఫౌజీ ఫౌండేషన్ ఎరువులు, సిమెంటు, ఆహార ఉత్పత్తుల వరకు విస్తరించింది. పదవీ విరమణ చేసిన అధికారులకు వ్యవసాయ భూములు, పట్టణాల్లో ఇళ్ళ స్థలాలు ఇచ్చే పద్ధతి వలస కాలపు కాలువ భూముల నుంచి తెగకుండా సాగుతోంది. ఇలాంటి ఆస్తులున్న సంస్థకు రాజకీయాలంటే ఆశయం మాత్రమే కాదు, ఆస్తి రక్షణ కూడా. మయన్మార్ సైన్యం ఆ రక్షణను రాజ్యాంగంలోనే రాసుకుంది. 2008 రాజ్యాంగం ప్రకారం చట్టసభల్లో నాలుగో వంతు స్థానాలు సైన్యం నియమించేవారివి, కీలకమైన సవరణలకు 75 శాతానికి మించిన ఓట్లు కావాలి. రక్షణ, హోం, సరిహద్దు వ్యవహారాల మంత్రులను సేనాధిపతే ఎంపిక చేస్తారు. ఇంత కట్టుదిట్టం చేసుకున్నాక కూడా 2020 ఎన్నికల ఫలితం నచ్చక, 2021 ఫిబ్రవరి 1న తన రాజ్యాంగాన్నే కాలరాసింది.

చట్టం రాసినంత మాత్రాన సైన్యం లొంగదనడానికి పాకిస్తాన్ 1973 రాజ్యాంగంలోని ఆరో అధికరణమే సాక్ష్యం. రాజ్యాంగాన్ని బలప్రయోగంతో తొలగించడం దేశద్రోహమని అది స్పష్టంగా చెబుతుంది. దాన్ని రాయించిన ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టో, విధేయుడన్న నమ్మకంతో, పలువురు సీనియర్లను పక్కనబెట్టి 1976లో జియాను సేనాధిపతిగా నియమించారు. బలూచిస్తాన్ తిరుగుబాటును అణచడానికి సైన్యాన్ని దింపారు. 1977లో ఎన్నికల అక్రమాల మీద ఆందోళనలు చెలరేగితే లాహోర్, కరాచీల్లో తానే మార్షల్ లా విధించారు. అదే ఏడాది జులైలో జియా ఆయనను దించి, రెండేళ్ళు తిరగకుండానే ఉరి తీయించారు. ఆ తర్వాత కూడా అధికారం కోల్పోయిన ప్రతి ప్రధాన పార్టీ తన ప్రత్యర్థిని గద్దె దించడానికి ఏదో ఒక దశలో సైనిక ప్రధాన కేంద్రం వైపు చూసింది. అక్కడ ఎన్నికైన ప్రధానమంత్రి ఒక్కరూ ఐదేళ్ళ పదవీకాలం పూర్తిచేయలేదు.

వెనక్కి తగ్గిన సైన్యాలూ ఉన్నాయి. సుహార్తో పతనమయ్యాక ఇండోనేషియాలో పోలీసు శాఖను సైన్యం నుంచి విడదీశారు. చట్టసభలో అప్పటికి మిగిలి ఉన్న 38 నియామక స్థానాలు 2004 ఎన్నికలతో రద్దయ్యాయి. సైనిక వ్యాపారాలను ఐదేళ్ళలో ప్రభుత్వానికి అప్పగించాలని అదే ఏడాది చట్టం చేశారు. 1997 నాటి ఆర్థిక సంక్షోభం పాత పాలన పరువు తీయడం, అధికారుల్లోనే ఒక వర్గం సంస్కరణను కోరుకోవడం, పార్టీలు సైన్యాన్ని పిలవకుండానే తమలో తాము బేరాలు కుదుర్చుకోవడం అందుకు తోడ్పడ్డాయి. అయితే 2025 మార్చిలో అక్కడి పార్లమెంటు సైనిక చట్టాన్ని సవరించి, సర్వీసులో ఉన్న అధికారులు రాజీనామా చేయకుండానే చేపట్టగల పౌర సంస్థల పదవుల పరిధిని పెంచింది. విద్యార్థులు వీధుల్లోకి వచ్చి నిరసన తెలిపినా, ఎన్నికైన పార్టీలన్నీ దానికి ఓటేశాయి.